రెండో షరతు

యునోసావా,
ఏప్రిల్ 6

ఒరే ఇసొబే,

నీ ఉత్తరం చేరింది. మొదటి పేజీ అంతా చెర్రీపూలు ఈసారి ఎంత ఆలస్యంగా పూశాయో రాశావు. రెండో పేజీలో నా మోకాళ్ళ క్షేమం అడిగావు. అట్టడుగున, సంతకానికి ముందు, దొంగతనంగా ఒక్క వాక్యం: "చిత్రశాల పథకాన్ని కొత్త మేయరుగారు మొదటినుంచి మళ్ళీ పరిశీలించదలచారు." యాభై ఏళ్ళ క్రితం నీకు బొమ్మలు నేర్పిన టీచర్ని నేను. ఏది పెద్దగా వెయ్యాలో, ఏది మూలకి వెయ్యాలో నీకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియలేదు. వాతావరణం సంగతి నాకు రేడియో చెబుతుంది.

మళ్ళీ మొదటినుంచా? మొదటి మేయరు సముద్రం ఒడ్డున కడతానన్నాడు. శంకుస్థాపనకి నన్ను పిలిచి, పారకి ఎర్ర రిబ్బను కట్టి చేతికిచ్చాడు. రెండోవాడొచ్చి ఉప్పుగాలి బొమ్మలకి పడదని స్టేషను పక్కకి మార్చాడు. మూడోవాడు కార్లు పెట్టుకోవడానికి చోటు లేకపోతే జనం రారని, ముందు పార్కింగు మీద ఒక సంఘం వేశాడు. ఇప్పుడు నాలుగోవాడు. పంతొమ్మిదేళ్ళలో మీరు కట్టింది ఏదైనా ఉంటే, ఆ ఖాళీ జాగాలో "కొత్త చిత్రశాల ఇక్కడే రాబోతున్నది" అన్న బోర్డు. దానికే మూడుసార్లు రంగు వేయించారు. చలికాలంలో ఊళ్ళో మంచునంతా ఎత్తి ఆ జాగాలోనే పోస్తారని విన్నాను. పోనీలే, దేనికో ఒకదానికి పనికొస్తోంది.

నేను అడిగేది ఒక్కటే, మరోసారి రాస్తున్నాను. ఆ నలభై మూడు బొమ్మలూ నేను ఆరు చాపలు మాత్రమే పట్టే ఇరుకు గదిలో వేశాను. ఒకటి ఆరగానే గోడవైపు తిప్పి పెట్టి ఇంకోటి మొదలుపెట్టేదాన్ని. తర్వాత నగరానికి దానమిస్తే మీ లారీ వచ్చి పట్టుకుపోయింది. రేవులో చేపలు చీరి ఎండబెట్టే ఆడవాళ్ళని ఇరవై ఆరేళ్ళు వేశాను గదా, ఆ నలభై మూడింటినీ ఒక్కచోట, వెలుతుర్లో, నేనే ఎన్నడూ చూడలేదు. చూసి పోవాలని ఉంది. నాకు ఎనభై ఒకటి.

ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో రాయి. నీ రాత చీమలబారులా ఉంటుంది.

మినావా హత్సుయె


ఉరాహమా నగర కార్యాలయం,
ఏప్రిల్ 20

పూజ్యులైన టీచరుగారికి,

కొండల మీద లేత ఆకులు కళ్ళకి చలువ చేస్తున్న ఈ రోజుల్లో తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. (క్షమించండి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే నా చెయ్యి ముందుకి సాగదు. ముప్పై ఏడేళ్ళ ఉద్యోగం.)

మొన్న కొత్త మేయరుగారు నా గదికి వచ్చారు. తలుపు మీద "చిత్రశాల సన్నాహక విభాగం" అన్న పలక చదివి, లోపల ఒక బల్ల, ఒక బీరువా, ఒక కెటిల్, నన్నూ చూసి, "మిగతావాళ్ళు భోజనానికెళ్ళారా?" అన్నారు. మిగతావాళ్ళు లేరని చెప్పాను. అప్పుడు ఇలా జరిగింది:

"ఇసొబెగారూ, ఊరికే అడుగుతున్నా, ఏమనుకోకండి. బొమ్మలు చూడ్డానికి జనం వస్తారంటారా?"

"వస్తారండి."

"కాఫీకయితే వస్తారు. మంచి కాఫీ హోటలు పెట్టి, గోడకి ఓ రెండు బొమ్మలు తగిలిస్తే పోలా? సందడి ఉండాలండీ ఊళ్ళో, సందడి!"

నలభై మూడు ఉన్నాయన్నాను. "మరీ అన్నా?" అన్నారు.

టీచరుగారూ, చిత్రశాల ఎప్పటికో నాకు తెలియదు. ఆ మాట ఇన్నేళ్ళకి మొదటిసారి రాస్తున్నాను. పోనీ మీరు పాఠాలు చెప్పిన మన బడి మూతపడి ఖాళీగానే ఉంది, బొమ్మలు అక్కడి సంగీతం గదిలోనే ఉన్నాయి, ఆ పక్క వ్యాయామశాలలో ఓ మూడు రోజులు పెడదామని మా పైవాళ్ళని అడిగాను. దానపత్రం తీసి నా ముందు పెట్టారు. మీ ముద్ర ఉన్న పత్రమే. మొదటి షరతు: "ఈ చిత్రములను కొత్త చిత్రశాలయందే మొదట ప్రదర్శించవలెను. అంతవరకు మరి ఏ చోటను ప్రదర్శింపరాదు."

"దాత కోరికని మేం గౌరవించాలి కదండీ" అన్నారు. చిత్రశాల కట్టనివ్వనిది వాళ్ళే, మీ కోరికని గౌరవించేదీ వాళ్ళే.

తమ శిష్యుడు,
ఇసొబె కత్సుహికో


యునోసావా,
మే 2

ఒరే ఇసొబే,

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఆ షరతు రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ మేయరు నవ్వుముఖం చూస్తే నమ్మబుద్ధి కాలేదు. వీడు బొమ్మలు పట్టుకెళ్ళి మూడు నెలలు టౌన్‌హాలు మెట్ల మీద తగిలించి, చిత్రశాల ఊసు మర్చిపోతాడు అనుకున్నాను. అక్కడ తప్ప ఎక్కడా పెట్టకూడదని కట్టడి చేస్తే సిగ్గుపడైనా కడతారనుకున్నాను. సిగ్గు వాళ్ళ దగ్గర ఉంటుందనుకోవడం నా తెలివితక్కువ. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

సరే. షరతు రాసింది నేనే, తీసేసేదీ నేనే. దీనితో పాటు వేరే కాగితం పెడుతున్నాను. "మొదటి షరతును ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి ముద్ర వేశాను. ముద్ర కాస్త పక్కకి పడింది, ఏమనుకోకు. పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు. వ్యాయామశాలలో బొమ్మలు పెట్టు. నేను రైలెక్కి వస్తాను.

నా చెల్లెలు ఫుసాయె తన సత్రంలో వేడినీళ్ళ తొట్టెలు కడుగుతూ నన్ను చూసి నవ్వుతోంది. "అక్కా, నీ పొగరుకి నీకే తాళం పడింది" అంటోంది. నవ్వనీ.

హత్సుయె


ఉరాహమా,
జూన్ 24

పూజ్యులైన టీచరుగారికి,

వానలు మొదలై, ప్రాంగణంలో హైడ్రాంజియా పూలు నీలం తిరిగాయి. నాకు మాత్రం ఏ రంగూ ఆనడం లేదు.

షరతుతో ఇచ్చిన దానాన్ని పంతొమ్మిదేళ్ళ కిందట నగర సభ తీర్మానం చేసి పుచ్చుకుంది. కాబట్టి షరతు తీసెయ్యాలన్నా మళ్ళీ సభే తీర్మానం చెయ్యాలట. ఇచ్చిన మనిషి వద్దన్నా చాలదట. విషయం సాంస్కృతిక సంఘానికి వెళ్ళింది. సంఘానికి అధ్యక్షుడు ఎవరో ఊహించండి. మురోయి. నా వెనక బల్ల మీద కూర్చుని క్రేయాన్లు తినేవాడు, ఆ మురోయే. ఇప్పుడు సూటు వేసుకుని తింటున్నాడు, ఏం తింటున్నాడో చెప్పను.

సమావేశంలో లేచి నిలబడి ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. "టీచరమ్మ మాట కాదనడానికి నేనెవణ్ణండీ? చెవి మెలేసి చదువు చెప్పింది నాకు. కాకపోతే రేపు ఇంకో దాత వచ్చి, నా షరతూ తీసెయ్యండంటే? ఎల్లుండి మరో దాత వస్తే? ఒక్క దారం లాగితే చాప మొత్తం ఊడిపోద్ది. నిదానంగా చూద్దాం."

"ఇంకో దాత ఎవరూ లేరండి. పంతొమ్మిదేళ్ళలో ఈవిడొక్కరే" అన్నాను.

"అదే చెబుతున్నా. ఉన్న ఒక్కరి విషయంలో తొందరపడకూడదు."

కాగితం మీద ఎప్పటి ముద్రే పడింది: "తదుపరి పరిశీలనకు ఉంచడమైనది." టీచరుగారూ, ఈ ఆరోగ్యకరమైన మాట ఉన్నంతవరకు మా ఊళ్ళో ఏ పనికీ చావు లేదు, పుట్టుకా లేదు. వచ్చే సభ సెప్టెంబరులో. అప్పుడూ ఇదే ముద్ర సిద్ధంగా ఉంటుంది.

ఇసొబె


యునోసావా,
జూలై 8

ఒరే ఇసొబే,

మురోయి తిన్నది ఒక్క రంగే, పసుపుపచ్చ. ఎందుకురా అని అడిగితే "గుడ్డులా ఉంది టీచర్" అన్నాడు. ఇంట్లో ఏమీ లేని రోజులు వాడికి. వాళ్ళమ్మ కిను తెల్లారకముందే రేవుకి పోయి చేపలు చీరేది. పదిహేడో బొమ్మలో ఎడమ చివర, తలకి తెల్ల తువ్వాలు చుట్టుకుని వంగి ఉన్నది ఆవిడే. వాడెప్పుడూ ఆ బొమ్మ చూడలేదు. ఎలా చూస్తాడు, వాడే గదా తాళం వేసి కూర్చున్నది!

నాకు కోపం మురోయి మీద కాదు. వాడి మీదైతే చెవి మెలెయ్యడానికి చెవి ఉంది. మీ సభకి చెవి ఎక్కడుంది? ఆ నలుగురు మేయర్లలో ఒక్కడైనా "కట్టం, పొండి" అని ఉంటే నా బొమ్మలు నేను తెచ్చుకునేదాన్ని, ఫుసాయె సత్రం వరండాలో వరసగా నిలబెట్టుకునేదాన్ని. కడతాం, కడతాం అనే నన్ను ఇంతకాలం కూర్చోబెట్టారు. లేదనేవాడి కంటే చూద్దామనేవాడే ఎక్కువ ద్రోహి.

ఈసారి ఇంకా పెద్దగా రాయి. మొన్నటి ఉత్తరం

హత్సుయె

ఇసొబెగారికి, ఫుసాయె నమస్కరించి రాస్తున్నది. అక్క పైన వాక్యం సగంలో కలం పారేసి వెళ్ళిపోయింది. మీ మొన్నటి ఉత్తరం నేనే చదివి వినిపించాను. అక్కకి ఎడమకన్ను పోయిన శీతాకాలంలోనే పోయింది. కుడికంటి నడుమ భాగం కూడా మసకబారుతోంది. అంచులు మిగులుతాయి, నడుమ ఉన్నది కనపడదు అంటున్నారు డాక్టరుగారు. చలికాలం దాకా నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. మీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.


ఉరాహమా,
ఆగస్టు 17

టీచరుగారూ,

ఈ ఉత్తరం కుంచెతో రాస్తున్నాను, పేజీకి ఆరు వరసలు. మీరే చదువుకోవాలి. ఫుసాయెగారికి ఇవ్వొద్దు.

కళ్ళ సంగతి నాకెందుకు దాచారు? నేను ప్రతి ఉత్తరంలో పూలు, మబ్బులు, చినుకులు రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్కమాట చెప్పి ఉంటే ఏప్రిల్లోనే మేయరు గది తలుపు తన్నేవాణ్ణి. అబద్ధం. తన్నేవాణ్ణి కాదు. కానీ తన్నాలని అప్పుడే అనిపించేది.

నేనూ ఒకటి దాచాను. మార్చి ముప్పై ఒకటితో నాకు అరవై నిండి ఉద్యోగం అయిపోతుంది. అదే రోజున ఈ సన్నాహక విభాగాన్నే ఎత్తెయ్యాలని మేయరు డిసెంబరు సభలో పెడుతున్నారు. విభాగం పోతే బొమ్మలకి దిక్కు ఎవరంటే, "సాధారణ సామగ్రి శాఖ" అన్నారు. ఎన్నికల పెట్టెలు, మడత కుర్చీలు, వాటితో పాటు మీ నలభై మూడు బొమ్మలు. ఇది విన్నాక మూడు రోజులు అన్నం సయించలేదు. మీకు రాయడానికి ధైర్యం చాల్లేదు.

నిన్న ఆ కోపంలోనే దానపత్రం మొత్తం చదివాను. ఇన్నేళ్ళుగా అందరం మొదటి షరతు దగ్గరే ఆగిపోయాం. పేజీ తిప్పిన పాపాన పోలేదు. తిప్పాను. వెనక ఇలా ఉంది:

"రెండో షరతు: అంతవరకు, ఏటా శరదృతువున పొడిగాలి వీచు దినములలో, చిత్రములన్నిటిని బయటికి తీసి, పట్టుబట్టలవలె నీడను గాలికి ఆరబెట్టవలెను."

టీచరుగారూ, ఇదీ సభ తీర్మానించిందే! మొదటిదెంత శాసనమో ఇదీ అంతే శాసనం. ప్రదర్శించకూడదు అన్నారు, బాగుంది, ప్రదర్శించం. ఆరబెడతాం. ఆరబెట్టకపోతే సభ మాట సభే తప్పినట్టు. పంతొమ్మిదేళ్ళుగా ఆ తప్పు చేస్తున్నది మా కార్యాలయమే. ఆ మాట పైవాళ్ళకి లిఖితపూర్వకంగా రాసి, కింద ముద్ర వేసి, ఇవాళే ఇచ్చి వచ్చాను. కుంచె పట్టి చాలా ఏళ్ళయింది. అందుకే అక్షరాలు వంకర.

కత్సుహికో


యునోసావా,
సెప్టెంబరు 5

ఒరే కత్సుహికో,

వాతావరణం లేకుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. నేనే చదువుకున్నాను, తల పక్కకి తిప్పుకుని, కోడిపెట్ట గింజ చూసినట్టు. వంకరగా ఉన్నా నీ గీతలో మొదటిసారి ప్రాణం ఉంది. బడిలో ఇలా గీస్తే మొదటి బహుమతి ఇచ్చేదాన్ని.

ఇక తిట్లు. పంతొమ్మిదేళ్ళు ఒక్కసారీ ఆరబెట్టలేదా? గాలి చొరని ఆ సంగీతం గదిలో, పియానో పక్కన, వానాకాలాలు పంతొమ్మిది! మా అమ్మకి ఉన్నవి మూడే మూడు పట్టు కిమోనోలు. ఏటా అక్టోబరులో పెట్టెలోంచి తీసి, గదిలో తాడు కట్టి వేలాడదీసేది. ఆ రెండు రోజులు మేం పిల్లలం వాటి కిందినుంచి వంగి నడిచేవాళ్ళం. కట్టుకోవడానికి ఎప్పుడూ సందర్భం రాలేదు ఆవిడకి. ఆ ఆరబెట్టే రోజులే ఆవిడ వాటిని చూసుకున్నది. ఆ షరతు రాసేటప్పుడు నాకు అది జ్ఞాపకం ఉంది. ఇన్నాళ్ళూ నేనే మర్చిపోయాను.

ఎండ తగలకూడదు. ఉత్తరదిక్కు కిటికీలు తెరువు. గోడకి ఆనించకు, వెనకనుంచి కూడా గాలి పోవాలి. చెక్క నిలువుల మీద పెట్టు. ఒకటి నుంచి నలభై మూడు దాకా వరస తప్పకూడదు. నా కళ్ళ గురించి మరోసారి జాలిగా రాశావంటే రైలెక్కను.

హత్సుయె


ఉరాహమా,
అక్టోబరు 10

టీచరుగారికి,

గాలిలో తేమ పోయింది. ఈసారి ఇది మర్యాదకి రాసిన వాక్యం కాదు, పనికొచ్చే సమాచారం.

అక్టోబరు 24, 25, 26. ఆరబెట్టడానికి అనుమతి వచ్చింది. రాక ఏం చేస్తుంది, రెండో షరతు కాదనాలంటే సభ తీర్మానం కావాలి, సభ డిసెంబరు దాకా లేదు! మొదటిసారి వాళ్ళ ఆలస్యం నాకు చుట్టమైంది.

అయితే పైవాళ్ళు ఒక మెలిక పెట్టారు. జనాన్ని రానిస్తే అది ప్రదర్శన కిందికి వస్తుందట. పోస్టరు వెయ్యకూడదు, "చూడండి" అన్న మాట ఎక్కడా ఉండకూడదు. నేను రెండు రాత్రులు ఆలోచించి, ఒక నమూనా కాగితం తయారుచేశాను. ఆరబెట్టేటప్పుడు పురుగు పట్టిందా లేదా అని తనిఖీ చెయ్యాలి కదా. నేనొక్కణ్ణే నలభై మూడు బొమ్మలు ఎలా చూస్తాను? కాబట్టి ఊళ్ళోవాళ్ళ సాయం కోరాను. వచ్చేది ప్రేక్షకులు కాదు, "పురుగుల తనిఖీ సహాయకులు". ఒక్కొక్కరికి ఒక కాగితం:

చిత్రం నంబరు. పురుగులు కనిపించినవా? ఇతర విశేషములు. సంతకం.

చేపల సంఘం ఆడవాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. అవతల ఒకావిడ అడిగింది: "అంటే, బొమ్మలు చూడొచ్చా?"

"చూడకూడదమ్మా. పురుగులు వెతకాలి."

"ఎంతసేపు వెతకొచ్చు?"

"దొరికేదాకా."

"అర్థమైందిలే బాబూ" అని పకపకా నవ్వింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఒక్కటే చిక్కు, వ్యాయామశాలలోకి బూట్లతో రాకూడదు, స్లిప్పర్లేమో నలభై జతలే ఉన్నాయి.

మొదటిరోజు పదీ నలభై రైలుకి రండి. స్టేషనులో ఉంటాను.

కత్సుహికో


యునోసావా,
నవంబరు 3

ఇసొబె కత్సుహికోగారికి,

మూడు రోజులూ నాకోసం మీరు పడిన శ్రమకి కృతజ్ఞురాలిని. నలభై మూడు చిత్రాలూ చూశాను. వరస సరిగ్గా ఉంది. గాలి బాగా ఆడింది. నా కోరిక తీరింది. ఇక చిత్రశాల కట్టినా కట్టకపోయినా నాకు బాధ లేదు. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మినావా హత్సుయె


ఉరాహమా,
డిసెంబరు 19

టీచరుగారూ,

మీ ఉత్తరం చూసి భయం వేసింది. "గారు" అన్నారు, "మీరు" అన్నారు, ఒక్క తిట్టూ లేదు. ఒంట్లో బాగానే ఉందా? జాలిపడొద్దన్నారని అడగలేకపోతున్నాను.

నా వైపు వార్తలు. ఆ మూడు రోజుల్లో పురుగులు వెతకడానికి వచ్చినవాళ్ళు ఆరువందల పన్నెండుమంది. మన ఊళ్ళో రథోత్సవానికి కూడా ఇంతమంది లైన్లో నిలబడరు. కాగితాలన్నీ నా బల్ల మీద ఉన్నాయి. "పురుగులు కనిపించినవా?" దగ్గర అందరూ "లేవు" అనే రాశారు. "ఇతర విశేషములు" దగ్గర మాత్రం:

"లేవు. మా అమ్మ ఉంది."

"నా వేళ్ళు అప్పుడు ఇంత వంకరగా లేవు. ఇప్పుడున్నాయి."

"ఈ కత్తి మా ఇంట్లోదే, ఇప్పటికీ దాంతోనే ముల్లంగి తరుగుతున్నా."

"చేపల వాసన వస్తోంది. బొమ్మలోంచో, నాలోంచో తెలియలేదు."

మేయరుగారు కూడా వచ్చారు. జనాన్ని చూసి మురిసిపోయి నా భుజం తట్టారు. "చూశారా ఇసొబెగారూ, ఆరబెడితేనే ఇంత సందడి! ఇంక చిత్రశాల దేనికండీ?" అన్నారు. నా చేతిలో అప్పుడు చెక్క నిలువు ఒకటి ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాను.

మొన్న సభ జరిగింది. మా విభాగాన్ని ఎత్తేసే ప్రతిపాదన మురోయి సంఘం ముందుకి వచ్చింది. నేను బల్ల సర్దుకోవడానికి అట్టపెట్టె కూడా తెచ్చుకున్నాను. మురోయి లేచాడు. ఛాతీ మీద చెయ్యేసుకోలేదు ఈసారి. గొంతు సవరించుకుని, కాగితం చూడకుండా అన్నాడు:

"విభాగం ఎత్తేస్తే ఏటా బొమ్మలు ఎవరు ఆరబెడతారు? రెండో షరతు ఏమవుద్ది? దీనికంత తొందరేం వచ్చింది? నిదానంగా చూద్దాం."

"తదుపరి పరిశీలనకు ఉంచడమైనది."

నేను సభలో గట్టిగా నవ్వేశాను. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి నా వైపు చూశాడు. టీచరుగారూ, మన పనిని ఇన్నేళ్ళు తొక్కిపెట్టిన ఆ ముద్రే మన మూసివేతని కూడా తొక్కిపెట్టింది. ఇక ఈ విభాగాన్ని ఎవరూ కదపలేరు. నన్ను కూడా రిటైరయ్యాక వారానికి మూడు రోజులు రమ్మన్నారు. చిత్రశాల మాత్రం ఉన్నచోటే ఉంది, అంటే లేదు. బోర్డుకి నాలుగోసారి రంగు వేస్తున్నారు.

సర్దుతుంటే మురోయి కాగితం దొరికింది. ఆరబెట్టిన మొదటిరోజు మధ్యాహ్నం జనంలో కలిసి వచ్చాడట, నేను చూడలేదు. చిత్రం నంబరు: 17. పురుగులు: లేవు. ఇతర విశేషములు: "తదుపరి పరిశీలన అవసరం."

కత్సుహికో


యునోసావా,
జనవరి 14

ఒరే కత్సుహికో,

రెండు రోజులుగా మంచు కురుస్తోంది. సత్రం కప్పు మీదనుంచి జారి పడినప్పుడల్లా పెద్ద చప్పుడు. నీలాగే మొదలుపెట్టాను చూడు. కళ్ళు పోయాక తెలిసింది, వాతావరణమే ముందు తెలుస్తుంది మనిషికి.

ఇది నేనే రాస్తున్నాను, పేజీకి మూడు వరసలు. ఫుసాయె పక్కన కూర్చుని కాగితాలు మారుస్తోంది, చదవడం లేదు. చదివితే ఊరుకోను.

నవంబరులో రాసింది అబద్ధం. నేను ఒక్క బొమ్మ కూడా చూడలేదు.

నువ్వు నన్ను ఒకటో నంబరు దగ్గర నిలబెట్టావు. బొమ్మ వైపు చూస్తే బొమ్మ పోయేది, నడుమ బూడిదరంగు ముద్ద. పక్కకి చూస్తే పక్క బొమ్మ అంచు, చెక్క నిలువు, కిటికీ. నలభై మూడింటి దగ్గరా అంతే. నువ్వు నా మోచెయ్యి పట్టుకుని "కనిపిస్తోందా టీచర్" అని అడుగుతూ ఉన్నావు, నేను "ఆఁ, ఆఁ" అంటూ ఉన్నాను. చాలా కోపం వచ్చింది. ఒక్క సంవత్సరం ముందు ఈ పని చేసి ఉంటే చూసేదాన్ని గదా! నలుగురు మేయర్లు, పంతొమ్మిది శరత్తులు. ఏ ఒక్క శరత్తులో ఆరబెట్టినా చూసేదాన్ని. నీ మీదా వచ్చింది కోపం. నువ్వు పేజీ తిప్పని పంతొమ్మిదేళ్ళ మీద వచ్చింది. షరతులు రాసిన నా చేతి మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చి నీకు ఆ మర్యాద ఉత్తరం రాశాను. నిన్ను "మీరు" అన్నది అందుకే.

డిసెంబరులో నువ్వు రాసినది రోజూ కాస్త కాస్తగా చదువుకుంటూ ఉంటే, ఆ రోజు నేను చూసింది ఏమిటో మెల్లగా గుర్తొచ్చింది. నాకు చూపు నడుమ పోయింది కానీ అంచులు ఉన్నాయి. కింద అంచున కాళ్ళు కనపడ్డాయిరా. నీ నలభై జతల స్లిప్పర్లు ఏ మూలకి సరిపోతాయి? అందరూ మేజోళ్ళతోనే ఉన్నారు. ముసలివాళ్ళ మందపు ఊలు మేజోళ్ళు, చేపల సంఘం వాళ్ళ వేళ్ళు విడివిడిగా ఉండే మేజోళ్ళు, పిల్లల చారల మేజోళ్ళు.

ముప్పై ఏళ్ళు బడిలో గోడకి బొమ్మలు తగిలించినదాన్ని. బొమ్మ ముందు మనిషి ఎంతసేపు ఆగుతాడో నాకు తెలుసు. ఊపిరి ఒకసారి పీల్చి వదిలేంతసేపు. అంతే. ఆ రోజు ఆ కాళ్ళు కదల్లేదు. ఒక జత కదిలేది, పక్కకి ఒక్క అడుగు వేసి మళ్ళీ ఆగిపోయేది. నేను ఆరు చాపల గదిలో బొమ్మల్ని గోడవైపు తిప్పి పెట్టిన ఇరవై ఆరేళ్ళూ నన్ను తిన్న ప్రశ్న ఒకటే: వీటి ముందు ఎవరైనా నిలబడతారా? దానికి జవాబు నేను చూశాను. బొమ్మలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, వేసింది నేనే. చూడాల్సింది కాళ్ళనే.

పదిహేడో నంబరు దగ్గర ఒక నల్ల మేజోళ్ళ జత ఉంది. మంచి ఖరీదు మేజోళ్ళే, కుడికాలి బొటనవేలు మాత్రం చిరుగులోంచి బయటికి వచ్చింది. ఫుసాయె నాకు టీ తెచ్చింది. చల్లార్చుకుని తాగాను. కప్పు పట్టుకెళ్ళి కడిగి తిరిగొచ్చింది. అప్పటికీ ఆ వేలు అక్కడే ఉంది. ఎవరిదో అప్పుడు తెలియలేదు. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

వాడికి చెప్పు, పరిశీలన ఒక్కసారితో అయ్యేది కాదని. వచ్చే అక్టోబరులోనూ రమ్మను. నేనూ వస్తాను, ఈసారి నాకు పదిహేడో నంబరు పక్కనే కుర్చీ వెయ్యి. మేజోడు మాత్రం కుట్టుకుని రమ్మను. వాళ్ళమ్మ చూస్తుంది.

హత్సుయె